అతుకుల చదువు

మన కళాశాలాధికారులకు క్రొత్త మంత్ర మొకటి దొరకినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము బహుశాస్త్ర విద్య కావలెననగానే, పెక్కుచోట్ల రసాయనశాస్త్రము చదువువానికి చరిత్ర పత్రమును, చరిత్ర చదువువానికి కంప్యూటరు పత్రమును తగిలించి, క్రెడిట్లు కూడి, చేతులు దులుపుకొనుచున్నారు. ఇది బొంత. బొంతయైనను చలి గాచును. ఈ చదువు దేనిని గాచునో వారే సెలవీయవలెను.

రెండు శాస్త్రములను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినంతమాత్రమున అవి మాటాడుకొనవు. వానిని మాటాడించునది ప్రశ్న.

నల్లగొండ నీటినే తీసికొనుడు. గ్రానైటు రాతిపొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కరగినది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. అంతకు మిక్కిలి యున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టినవి, వెన్నులు వంగినవి. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులీ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. 1970వ దశకమున నాగపూరు శాస్త్రజ్ఞులు పటికయు, సున్నమును, బ్లీచింగు పొడియు గలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పేరు జిల్లాకు వెంటనే దక్కినది. మంచినీరు ఊరూర దక్కుటకు దశాబ్దములు పట్టినది. ఏల?

రసాయనశాస్త్ర మొక్కటియే దీనికి బదులు చెప్పజాలదు. పటిక నెవరు కొనవలెను? దినదినము నెవరు కలుపవలెను? అడుగున దిగిన మడ్డి నెక్కడ పారబోయవలెను? 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము జిల్లా యంచుననే యుండగా, ఆ నీరు పొలములకు ముందుగా పారి, గొంతులకు అంత యాలస్యముగా నేల వచ్చెను? భూగర్భశాస్త్రియు, వైద్యుడును, ఆర్థికవేత్తయు, న్యాయవాదియు ఒక్క గదిలో వాదులాడిననేగాని యిది తేలదు. అట్టి గది మన కళాశాలలలో నెన్నింట గలదు?

ఇట్లయిన లోతు తగ్గునని కొందరందురు. ఆ భయము మాకును గలదు. కావుననే మొదటి రెండేండ్లు ఏదేని యొక శాస్త్రమును గట్టిగా నేర్పుడు. మూడవయేట ఒక్క ప్రశ్నను, ఒక్క యూరిని అప్పగింపుడు. విద్యార్థి సీసాలలో నీరు పట్టవలెను, పరీక్షింపవలెను, వృద్ధుల నడిగి వ్రాసికొనవలెను, ప్రభుత్వపుటుత్తరువులను చదువవలెను. తేలినదానిని తెలుగున వ్రాసి గ్రామసభలో చదివి, అచ్చటివారి ప్రశ్నలకు నిలువవలెను. అదియే పరీక్ష.

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావు ప్రభృతులు పుస్తకముతోపాటు మగ్గమును, వడ్రంగమును చదువులోనికి దెచ్చిరి. వారికి క్రెడిట్ల లెక్క తెలియదు పాపము!

అధ్యాపకుల స్థానములు నింపక, ఉన్నవారికి కలిసికూర్చుండ వారమునకొక గంటయైన నీయక, ప్రణాళికలు మాత్రము అచ్చువేయుట చాలింపుడు. ముందుగా నే కళాశాల ఆ గదికి తాళము తీయునో, దాని పేరు మా పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.