కాఫీ యంత్రాలు చేసేవారికి ఒక పంతులు అభ్యంతరాలు



చాలా రోజుల తరువాత ఈ టపా వ్రాస్తున్నాను. ఈసారి ఛందస్సూ కాదు, సంధులూ కావు, కాఫీ. పంతులుకు కోపం వస్తే అది అపశబ్దాల మీదనే రావాలన్న నియమమేదీ లేదు గదా!

మా అబ్బాయి హైదరాబాదులో కొని నల్లగొండలోని మా యింటికి ఒక ఎస్ప్రెస్సో యంత్రాన్ని పంపించినాడు. అది ఏ సంస్థదన్నది అప్రస్తుతం. నా అభ్యంతరం ఒక సంస్థ మీద కాదు. ఇండ్లలో వాడే ఈ యంత్రాలను ఊహిస్తున్న బుద్ధి మీద. యంత్రం రాగానే ఇత్తడి ఫిల్టరు అటక ఎక్కినది. అంతవరకు బాగానే ఉన్నది.

మా అక్కయ్య మర్రిగూడ ప్రాంతపు కోడలు. దశాబ్దాల తరబడి ఫ్లోరైడు నీళ్లు త్రాగిన శరీరం. మోచేయి పూర్తిగా చాపలేదు, మణికట్టు తిరగదు. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి తన కాఫీ తానే కలుపుకొని త్రాగడం ఆమెకు నిత్యవిధి. మొన్న మా యింటికి వచ్చినది. ఆరు గంటలకు నేను లేచి చూస్తే వంటింట్లో ఆ యంత్రం ముందర పీట వేసుకొని ఊరక కూర్చున్నది.

"ఈ పిడి తిరుగుతలేదు తమ్మీ. నువ్వు లేచేదాక ఆగుదామనుకున్న" అన్నది.

గంటన్నర కూర్చున్నది, మిత్రులారా. ఒక కాఫీ కోసం డెబ్బది యేండ్లు దాటిన మనిషి తమ్ముడు లేచేదాకా ఎదురు చూడవలసి వచ్చినది. ఈ టపాకు మూలం అది.

ఆ పిడి అంత బిగువుగా ఎందుకుండాలి? సుమారు 9 వాతావరణ పీడనాల ఒత్తిడితో, 90 డిగ్రీలు దాటిన నీరు, 25-30 సెకనులలో పొడి గుండా దిగాలి. పిడి బిగియకపోతే నీరు ప్రక్కలకు చిమ్ముతుంది. కారణం న్యాయమే. అయితే ఆ పిడి వంశవృక్షం చూడండి. 1901లో మిలానులో బెజ్జెరా పేటెంటు పొందినది కాఫీ దుకాణపు యంత్రానికి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత గాజ్జియా తెచ్చిన స్ప్రింగు మీట గానీ, 1961లో వచ్చిన ఫాయెమా ఇ61 పంపు గానీ దుకాణాల కోసమే. దినమంతా నిలబడి వందల కప్పులు తీసే పనివాని భుజబలానికి సరిపడిన పిడి అది. యంత్రాన్ని చిన్నది చేసి ఇంటికి తెచ్చినవారు పిడిని మాత్రం అట్లే ఉంచినారు. లోపలి రబ్బరు గ్యాస్కెటు ముదిరి గట్టిపడేకొద్దీ ఇంకా బలంగా త్రిప్పాలి. నెట్టితే పడే గొళ్లెమో, పొడవైన మీటనో పెట్టరాదా?

రెండవది నీళ్లు. మా బోరు నీళ్లకు గీజరు కడ్డీ మీద సున్నం ఎట్లా పేరుకుంటుందో ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ వలన నదీజలం కుళాయికి వచ్చినది, సంతోషం. కానీ మా యింట్లో బోరు ఇంకా మూలబడలేదు. యంత్రంలోని సన్నని గొట్టాలకు ఆ సున్నమే శత్రువు. ఆరు నెలలకే ధార సన్నబడినది. ఆర్వో నీళ్లు పొయ్యండని సలహా చెప్పినారు. లవణాలు బొత్తిగా లేని నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది; పైగా నీటిమట్టాన్ని విద్యుత్తుతో పసిగట్టే కొన్ని యంత్రాలు అటువంటి నీళ్లను నీళ్లుగానే గుర్తించవు! నీళ్ల కాఠిన్యం చెప్పుకొనే సదుపాయం కొన్నింటిలో ఉన్నది, కాదనను. అన్నింటిలో ఉండాలి. గొట్టాన్ని మనమే విప్పి కడుక్కొనే వీలుండాలి.

మూడవది గొప్పలు. డబ్బా మీద "15 బార్" అని పెద్ద అక్షరాలు. కప్పులోకి కావలసినది 9 అయినప్పుడు ఆ 15 ఎవరికి? అది పంపు శక్తికి గరిష్ఠమే గాని కాఫీ రుచికి ప్రమాణం కాదు. ఆ అంకెకు బదులు లోపల ఎంత పీడనమున్నదో చూపే చిన్న ముల్లు పెడితే మేలు.

నాలుగవది మరమ్మతు. ప్రెషర్ కుక్కర్ కూడ పీడనయంత్రమే గదా! దాని గ్యాస్కెటు క్లాక్ టవర్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. బడి మొగం చూడని ఇల్లాలు కూడ మార్చుకుంటుంది. ఎప్పుడు దించాలో అదే ఈల వేసి చెప్తుంది. ఈ యంత్రం గ్యాస్కెటు కోసం నేను హైదరాబాదుకు మూడుసార్లు ఫోను చేసినాను. ఇక మా స్టీలు గ్లాసు దాని మూతి క్రింద పట్టదన్న సంగతి వేరే చెప్పాలా?

"వాడడం నేర్చుకోవాలి, తప్పు యంత్రానిది కాదు" అని కొందరంటారు. వారికి ఆలేరు మండలం శారాజిపేట చూపిస్తాను. 2016 వరకు అది మా నల్లగొండ జిల్లాయే. అక్కడి చింతకింది మల్లేశం బడిచదువు మధ్యలోనే ఆగినవాడు. పట్టుచీరకు ఆసు పోయడంలో తల్లి లక్ష్మి చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడి భుజం నొప్పి పడుతుంటే చూచినాడు. "అమ్మా, నీకు ఆసు పోయడం చేతకాదు" అనలేదు. ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆయన మొదలుపెట్టినది భుజం నుండి. కాఫీ యంత్రాలవారు మొదలుపెట్టినది దుకాణం నుండి. భేదమంతా అక్కడనే ఉన్నది.

నేనూ నిర్దోషిని కాను. పాఠం అర్థం కాలేదన్న పిల్లవానిని "శ్రద్ధ లేదు" అని బెంచీ ఎక్కించిన రోజులున్నవి. పాఠం చెప్పిన తీరులో లోపమున్నదేమోనని ఎన్నిసార్లు ఆలోచించినాను? చాలా తక్కువ. అందుకే ఈ మాట ఇంత నిక్కచ్చిగా చెప్పగలుగుతున్నాను.

"ఫిల్టరు ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీరు అడుగవచ్చును. యంత్రం వద్దని నా వాదం కాదు. దాని కాఫీ బాగుంటుంది. అక్కయ్యకు కూడ నచ్చినది. నచ్చినదానిని తన చేతితో చేసుకోలేకపోవడమే అన్యాయం.

ప్రస్తుతానికి ఇత్తడి ఫిల్టరు అటక దిగినది. రాత్రే పొడి వేసి ఉంచుతున్నాను. తెల్లవారుజామున వేడినీళ్లు పోసుకొని, డికాషను దిగినాక, అక్కయ్య తన కాఫీ తానే కలుపుకొంటున్నది. మీ యిండ్లలో ఈ యంత్రాలున్నవారు మీ పెద్దవారి చేత ఒకసారి ఆ పిడి త్రిప్పించి చూడండి. ఏమైనదో వ్యాఖ్యలలో వ్రాయండి.