ప్రింటర్ కొనే ముందు అడగవలసిన ప్రశ్న
తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో శుభలేఖలూ కరపత్రాలూ దస్తావేజులూ కూర్చే డీటీపీ కేంద్రాలు లినక్స్‌కు మారాలనుకున్నప్పుడు, తెలుగు ఫాంట్ల చిక్కుతో పాటు ఎదురయ్యే పెద్ద ఆటంకం బల్లమీది లేజర్ ప్రింటరే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 సంగతే చూస్తే, దాన్ని లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము ప్రింటర్‌లో శాశ్వతంగా నిలవదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని యూఎస్‌బీ కేబుల్ ద్వారా పంపాలి కనుక, కరెంటు పోయి వచ్చాక ఆ పంపకం జరగకపోతే, ముద్రణ పనులను వరుసలో పెట్టి యంత్రానికి చేరవేసే కప్స్ వ్యవస్థ తన వంతు సక్రమంగా చేసినా కాగితం కదలదు. ఔత్సాహికులు ఫూ2జెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవర్ రాసి ఈ ముడి విప్పారు గాని, ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ సొత్తుగానే మిగిలింది, డబ్బు చెల్లించి కొన్న యజమానికి అందులో ఏముందో చూసే వీలు లేకపోవడం ఎంతమాత్రం న్యాయం కాదు. అమెరికాలోని ఎంఐటీలో జిరాక్స్ లేజర్ ప్రింటర్ సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చగల మూలపాఠం, దక్కకపోవడం అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించడానికి దారితీసిన కారణాల్లో ఒకటి. నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ ఫిర్యాదు పాతబడలేదు. పోస్ట్‌స్క్రిప్ట్ వంటి బహిరంగ ముద్రణ భాషనో, ప్రత్యేక డ్రైవర్ అక్కరలేని ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణాన్నో పాటించే ప్రింటర్లనే కొంటామని ప్రభుత్వ కార్యాలయాలూ కళాశాలలూ టెండర్లలోనే షరతు పెట్టాలి, చిన్న దుకాణదారులు కూడా ధర కంటే ముందు ఆ సంగతే అడగాలి.