పంపు పాడైతే నేరం ఇథనాల్‌దేనా?

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడంపై 2025 ఆగస్టులో రేగిన వివాదం ఎక్కువగా మైలేజీ చుట్టూనే తిరిగింది. కానీ పాత కారు యజమానిని నడిరోడ్డు మీద నిలబెట్టేది లీటరుకు తగ్గే ఒకటీ అరా కిలోమీటరు కాదు, ట్యాంకులోని పెట్రోల్‌ను ఇంజిన్‌కు అందించే పంపు. అది మొరాయిస్తే మెకానిక్ షెడ్డులో ముందుగా వినిపించే మాట ‘అంతా ఈ20 వల్లే’. ఆ ఇంధనాన్ని సమర్థించేవారేమో ‘దానికీ దీనికీ సంబంధమే లేదు’ అంటారు. రెండూ పరీక్ష జరగకముందే ఇచ్చేస్తున్న తీర్పులే.

20 శాతం మిశ్రమాన్ని 2030 నాటికి సాధించాలన్నది మొదటి లక్ష్యం. దాన్ని ముందుకు జరపడంతో 2025లోనే చేరుకున్నారు. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్ల విడిభాగాలు ఈ20ని తట్టుకునేలా తయారయ్యాయి. అంతకుముందు కొన్నవారి సంగతేమిటని అడిగితే, కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది చౌకలో అయిపోయే పని అని పెట్రోలియం శాఖ చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోల్‌ను కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు సెప్టెంబర్ 1న కొట్టేసింది. మామూలు బంకులో వేరే దారి లేనప్పుడు, పాడైన భాగం ఎందుకు పాడైందో తేల్చడం చిన్న విషయం కాదు.

ఇథనాల్‌పై అనుమానం ఊరికే పుట్టలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తగినంత నీరు చేరితే పెట్రోల్ నుంచి విడిపోయి, నీటితో కలిసి ట్యాంకు అడుగున పేరుకుంటుంది. ఏళ్ల తరబడి పట్టిన మడ్డిని కరిగించి వదులు చేస్తుంది. ఆ మడ్డి పంపు మూతి దగ్గరి జల్లెడలోనో, ఫిల్టర్‌లోనో ఇరుక్కుంటుంది. అంబాసిడర్‌లో, కార్బురేటర్ ఉన్న మారుతి 800లో పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. దాని గుండెకాయ పల్చటి రబ్బరు పొర. ఇథనాల్‌కు తగని పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి పగులుతుంది.

తర్వాతి తరం ఎంపీఎఫ్‌ఐ కార్లలో ట్యాంకు లోపలే ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది. తాళం తిప్పగానే చాలా కార్లలో వెనుక సీటు కింద రెండు సెకన్లు సన్నని గుంయ్‌మనే చప్పుడు వినిపిస్తుంది. అది వినబడకపోతే పంపు పోయిందని చెప్పేస్తారు. నిజానికి ఫ్యూజు, రిలే, వైరు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్ – వీటిలో ఏది పోయినా పంపు మూగబోతుంది. చప్పుడు వచ్చినంత మాత్రాన బాగున్నట్టూ కాదు. అరిగిన పంపు కూడా మోగుతుంది, ఒత్తిడి మాత్రం ఇవ్వదు.

తేల్చేది ప్రెజర్ గేజ్. ఈ తరహా చాలా కార్లలో 3 నుంచి 4 బార్ల ఒత్తిడి ఉండాలి. కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగా ఉండి, అరగంట నడిచి వేడెక్కాక ముల్లు పడిపోతుంటే మోటారు అరిగిందన్న అనుమానం బలపడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే బండి జర్కులిస్తే ఫిల్టర్ మూసుకుపోయిందేమో ముందు చూడాలి. ఇంజిన్ ఆపగానే ఒత్తిడి చప్పున దిగిపోతే పంపులోని వాల్వుతో పాటు ఇంజెక్టర్ల లీకునూ అనుమానించాలి. బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉండి పంపు కనెక్టర్‌కు 11 మాత్రమే అందుతుంటే తప్పు వైరింగ్‌ది. అప్పుడు కొత్త పంపు వేసినా జబ్బు అలాగే ఉంటుంది.

ఇంత చూసే ఓపిక ఎందరికుంది? గేజ్ తగిలించడం కంటే పంపు మార్చేయడమే షెడ్డుకు తేలిక. బిల్లు మాత్రం యజమానిది. ట్యాంకు లోపలి పంపును చాలా మోడళ్లకు మొత్తం యూనిట్‌గానే అమ్ముతారు కాబట్టి, పెట్రోలియం శాఖ చెప్పిన చౌక గాస్కెట్ లెక్క ఇక్కడ సరిపోదు. వారంటీ ఎప్పుడో ముగిసి ఉంటుంది. మామూలు బీమా అరుగుదలకు వర్తించదు.

మన అలవాట్ల వాటా కూడా ఉంది. ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది. ఐదు వందలకు కొట్టించుకుని, రిజర్వు లైటు వెలిగాక కూడా నాలుగు రోజులు లాగించే బండిలో ఆ చల్లదనం ఉండదు. సీఎన్‌జీ కిట్ వేయించుకుని పెట్రోల్‌ను అడుగంటనిచ్చే కార్లదీ ఇదే కథ. ఇక కల్తీ సరేసరి. 2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్‌లోని 19 వాహనాలు నీళ్లు కలిసిన డీజిల్ పోయించుకుని ఆగిపోయాయి. అది డీజిల్, ఇథనాల్‌తో పని లేదు. అదే సామాన్యుడి పెట్రోల్ కారు అలా ఆగి ఉంటే నింద ఎటు పోయేదో ఊహించవచ్చు.

పంపును బయటికి తీశాకైనా సాక్ష్యం దొరుకుతుంది. జల్లెడ నిండా మడ్డి, ఉబ్బిన గొట్టం, తుప్పు మరకలు ఉంటే ఇంధనం వైపు చూడాలి. లోపలంతా శుభ్రంగా ఉండి మోటారు బ్రష్‌లు మాత్రమే అరిగి ఉంటే పదిహేనేళ్ల వయసే కారణం కావచ్చు. ఈ తేడాను నమోదు చేయాలన్న నియమం ఏ షెడ్డుకూ లేదు. కార్ల కంపెనీల సర్వీసు కేంద్రాల్లో జాబ్ కార్డులు కంప్యూటర్లలోనే ఉంటాయి. ఏ మోడల్‌కు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఈ20కి ముందు ఎన్ని పంపులు మార్చారో, తర్వాత ఎన్ని మార్చారో వాటిలోంచి తీయడం అసాధ్యమేమీ కాదు. పాత వాహనాలకు పెద్ద ప్రమాదం లేదని చెబుతున్న ప్రభుత్వమే ఆ లెక్క అడిగి బయట పెట్టాలి. ఆలోగా యజమాని చేయగలిగింది ఒకటుంది: పంపు మార్చడానికి ముందు ఒత్తిడి, వోల్టేజి అంకెలను బిల్లు మీద రాయించుకోవాలి, తీసేసిన పాత పంపును షెడ్డులో వదలకుండా వెంట తెచ్చుకోవాలి.