కమ్‌బ్యాక్ వేరు, తౌబా వేరు



పోయిన జుమా నాడు నమాజ్ అయ్యాక నార్సింగిలో ఉండే మా ఆపా ఇంటికి వెళ్లాను. దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా అన్నం, దాల్చా వచ్చాయి. మా భాంజా ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. ఉన్నట్టుండి “మామూ, దేఖో, అన్నా వాపస్ ఆ గయే” అన్నాడు. ఈద్ చాంద్ కనబడినంత ఖుషీ వాడి మొహంలో.

చూశాను. తెల్ల చొక్కా, మాసిన గడ్డం, తడి కళ్లు. ఏడాదిగా తాను ఎంత నరకం అనుభవించాడో చెబుతున్నాడు ఆ కుర్రాడు. కింద వేల కొద్దీ ఎర్ర గుండెలు. పన్నెండు నిమిషాల వీడియో. అందులో ఒక్క మాట కోసం వెతికాను, రాలేదు. బెట్టింగ్ యాప్ అన్న మాట.

ఆ మాటే ఎందుకు వెతికానో చెబుతాను. రెండేళ్ల కింద ఇదే అన్న, ఇదే ఛానల్‌లో ఒక యాప్ చూపించి ఇంట్లో కూర్చుని కమాయించొచ్చన్నాడు. మా భాంజా నమ్మాడు. కాలేజీ ఫీజు కోసం పెట్టిన అరవై రెండు వేలు పదకొండు రోజుల్లో పోయాయి. ఆపా తన గాజులు కుదువ పెట్టి ఫీజు కట్టింది. దూల్హేభాయికి ఈ రోజుకీ తెలియదు. ఆ అన్న పేరు నేను రాయను. కింద పేర్లు పెట్టి రాస్తున్న వాళ్లలో అతను లేడు. అతనికి లాయరున్నాడు, లక్షల మంది ఫ్యాన్సున్నారు. మా ఆపాకు గాజుల రసీదు ఉంది.

అదే అన్న తిరిగొచ్చాడని ఆ గాజులు పోగొట్టిన పిల్లవాడే ఖుషీ అవుతున్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నా గుస్సా ఆ అన్న మీద కంటే మన మీద ఎక్కువ.

నార్సింగి అంటే ఒకప్పుడు గండిపేట దారిలో ఒక ఊరు. ఇప్పుడు కోకాపేట టవర్లు, ఔటర్ రింగ్ రోడ్డు, సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫ్లాట్లు. సినిమా వాళ్లు, యూట్యూబ్ వాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటారు. అందుకే ఇక్కడి పోలీస్ ఠాణా పేరు తరచూ టీవీలో వినబడుతుంది. 2024 సెప్టెంబరు ఒక్క నెలలోనే రెండు పెద్ద పేర్లు ఈ ఠాణా ఎఫ్‌ఐఆర్‌లకు ఎక్కాయి.

మొదటిది మనవాడి పేరే. షేక్ జానీ బాషా, జానీ మాస్టర్. ఆయన దగ్గర పనిచేసిన యువతి రాయదుర్గం ఠాణాలో ఫిర్యాదు ఇచ్చింది. అక్కడ జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి నార్సింగికి బదిలీ చేశారు. ఘటన ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మన ఇళ్లలో ఆడపిల్లలకు ఈ మాట తెలిసి ఉండాలి. మొదలైనప్పుడు ఆమె మైనరని చెప్పడంతో పోక్సో సెక్షన్ చేరింది. సెప్టెంబరు 19న గోవాలో ఆయన్ను పట్టుకున్నారు. ప్రకటించిన జాతీయ అవార్డును అక్టోబరులో సస్పెండ్ చేశారు. అక్టోబరు 24న హైకోర్టు బెయిలిచ్చింది. ఆయన ఆరోపణలను ఒప్పుకోలేదు, కోర్టులోనే తేల్చుకుంటానన్నారు.

రెండోది యూట్యూబర్ హర్ష సాయి. పేదల ఇళ్లకు నోట్ల కట్టలు తీసుకెళ్లే వీడియోలతో పేరు తెచ్చుకున్నాడు. సెప్టెంబరు 24న ఒక నటి అతని మీద నార్సింగి ఠాణాలో అత్యాచారం, మోసం ఆరోపణలతో ఫిర్యాదు ఇచ్చింది. డబ్బు కోసం పెట్టిన కేసని అతను కొట్టిపారేశాడు. హైకోర్టు నుంచి ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మార్చిలో పంజాగుట్ట పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద పదకొండు మందిపై పెట్టిన కేసులోనూ అతని పేరుంది.

సాఫ్‌గా చెబుతున్నా: ఇల్జామ్ వేరు, జుర్మ్ వేరు. ఈ ఇద్దరినీ ముజ్రిమ్ అనే హఖ్ నాకు లేదు, మీకూ లేదు. తోహ్మత్ వేయడం ఎంత పెద్ద గునాహో సూరహ్ నూర్ చదివిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. బెయిలు మీదున్న మనిషి తన పని చేసుకోవచ్చు, కానూన్ ఆపదు. 2025 నవంబరులో వచ్చిన ‘పెద్ది’ సినిమా పాట ‘చికిరి చికిరి’కి స్టెప్పులు జానీ మాస్టర్‌వే. కోట్ల సార్లు చూశారు. ఆయనకు పని ఇచ్చారని నేను కొట్లాడను.

నా కొట్లాట వేరే. ఆ పాట హిట్టయిన రోజు మన వాట్సప్ గ్రూపుల్లో ఏం తిరిగింది? “హమారా భాయి జీత్ గయా” అని. ఏం గెలిచాడు? కేసు తేలిందా? పాట హిట్టయితే ముఖద్దమా కొట్టేస్తారా? ఆ మెసేజులతో పాటే ఫిర్యాదు చేసిన అమ్మాయి గురించి రాయడానికి వీల్లేని రాతలు కూడా తిరిగాయి. అలాంటి ఫిర్యాదుదారు పేరు, గుర్తులు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. అది మా పెద్ద మనుషుల గ్రూపులో, ఫజర్ నమాజ్ రిమైండర్ కింద, ఫార్వర్డ్ అయింది.

ఒకాయన నలుగురు గవాహ్‌లేరి అని అడిగాడు. భాయీ, ఆ హుకుమ్ వచ్చింది ఆడవాళ్ల మీద నింద వేసే నాలుకలను కట్టేయడానికి. జుల్మ్ జరిగిందని చెప్పుకునే ఆడపిల్ల నోరు మూయడానికి కాదు. దాన్ని తిప్పి ఆమె మీదికే విసరడం దీన్ కాదు.

ఇంకొకరు “మనవాడు కాబట్టే మీడియా ఇంత చేస్తోంది” అన్నారు. ఇందులో కొంత నిజముందని ఇరవై ఏళ్లుగా న్యూస్ డెస్కుల్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు. నిందితుడి పేరు మనదైతే హెడ్డింగు లావవుతుంది. దాని మీద నేను లోపల కొట్లాడాను, బయట రాశాను. కానీ హెడ్డింగు సైజు తప్పయినంత మాత్రాన ఫిర్యాదు తప్పయిపోదు. బనూ మఖ్జూమ్ ఖబీలా స్త్రీ దొంగతనం చేస్తే, పెద్దింటి మనిషని సిఫారిష్ తెచ్చారు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఏమన్నారో మన మౌల్వీలు ఎన్ని బయానుల్లో చెప్పలేదు! పెద్దోళ్లను వదిలి చిన్నోళ్లను పట్టుకోవడం వల్లే వెనకటి ఖౌమ్‌లు హలాక్ అయ్యాయని. తన సొంత బిడ్డయినా వదలనని. ఆ బయాన్‌కు తల ఊపి, బయటికొచ్చి “హమారా భాయి” అంటే ఎట్లా?

ఇక అసలు దావా. కమ్‌బ్యాక్ వీడియో వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో వినిపించే మాట: “అల్లాహ్ మాఫ్ చేస్తాడు, మనమెవరం?” మాట ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. కానీ సగమే. తౌబాకు ఉలమా చెప్పిన షర్తులు మదర్సాకు పోయిన ఏ పిల్లవాడైనా చెబుతాడు. ఆ పని వదిలేయాలి. దాని మీద నదామత్ ఉండాలి. మళ్లీ చేయనని ఇరాదా పెట్టుకోవాలి. ఇవి మూడు. ఆ గునాహ్‌లో బందాల హఖ్ ఉంటే నాలుగోది: తీసుకున్నది వాపస్ ఇవ్వాలి, లేదా ఎవరికి నుఖ్సాన్ చేశాడో వాళ్ల దగ్గర మాఫీ పొందాలి. హుఖూఖుల్ ఇబాద్ అంటే అది. బందా హఖ్ బందా వదలాలి. మా ఆపా గాజుల లెక్క మా ఆపా దగ్గరే తేలాలి. ఆ అన్న మాఫీ అడిగింది ఫ్యాన్స్‌ను. ఫ్యాన్స్ నుంచి అతను తీసుకున్నదేముంది, మాఫీ ఇవ్వడానికి?

ఆ వీడియోలను ఈ నాలుగు షర్తుల ముందు పెట్టి చూడండి. చాలావాటికి ఒకటే నమూనా. కొన్నాళ్లు గాయబ్. తర్వాత మేకప్ లేని మొహంతో ఒక వీడియో. అందులో “నేను చేసింది” తక్కువ, “నాకు జరిగింది” ఎక్కువ. అమ్మ ఏడ్చిందని చెబుతారు. ఆ తర్వాత ఒక పేదవాడికి సాయం, ఒక పాడ్‌కాస్ట్, చివరికి పాత ధరకే కొత్త స్పాన్సర్. మాఫీ వీడియో మీద కూడా యాడ్లు నడుస్తాయి. నదామత్ మీద కమాయించడం మన బుజుర్గుల కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

ఇది ఇక్కడి రోగమే కాదు. 2025 ఫిబ్రవరిలో రణవీర్ అల్లాహబాదియా ఒక షోలో తల్లిదండ్రుల గురించి గలీజు ప్రశ్న వేసి దేశమంతా తిట్లు తిన్నాడు. ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు అరెస్టు నుంచి రక్షణ ఇస్తూనే షోలు ఆపమంది. మార్చి 3న, తహజీబ్ పాటించాలన్న షరతుతో, మళ్లీ చేసుకోమంది. రెండు వారాలు కూడా నిండలేదు. నోటితో చేసిన తప్పుకు నోటితో మాఫీ సరిపోతుందేమో, ఒప్పుకుంటా. కానీ మా భాంజాది నోటి నష్టం కాదు.

“పేదలకు పంచాడు కదా” అనేవాళ్లకు నా జవాబు. 2025 మార్చిలో అప్పటి ఆర్టీసీ ఎండీ, ఆ తర్వాత హైదరాబాద్ పోలీస్ కమిషనర్ అయిన సజ్జనార్ బెట్టింగ్ యాప్‌ల మీద లడాయి మొదలుపెట్టినప్పుడు, హర్ష సాయి ఆ ప్రచారాన్ని సమర్థించుకున్న ఇంటర్వ్యూ ముక్కను బయటపెట్టి నిలదీశారు. తాను చేయకపోతే ఇంకొకరు చేస్తారని, ఆ డబ్బుతో సాయం చేస్తున్నానని అందులోని వాదన. ముసల్మాన్‌కు ఈ మసలా కొత్తదా? మైసిర్, అంటే జూదం, సూరహ్ మాయిదాలో షరాబ్‌తో పాటే హరామ్ అయింది. హరామ్ కమాయీతో ఇచ్చేది సదఖా కాదు. వంద ఇళ్లలోంచి లాగి ఒక ఇంట్లో కెమెరా ముందు పెట్టడం ఖైరాత్ అనిపించుకోదు. ఆ ఒక్క ఇల్లే వీడియోలో కనబడుతుంది. మిగతా ఇళ్లు కనబడవు, ఎందుకంటే ఆ తల్లులు షరమ్‌తో తలుపులేసుకుంటారు.

కానూన్ సంగతి కూడా తెలుసుకోండి. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పందేల ఆటలకు యాడ్ చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా ఉంది. 2017 తర్వాత ఇక్కడ కూర్చుని యాప్ చూపించి, మాకు తెలియదన్నవాళ్లు అబద్ధమన్నా ఆడుతున్నారు, చదవకుండా సంతకమన్నా పెట్టారు.

అందరూ ఒకే తీరు కాదు, ఇన్‌సాఫ్‌గా చెప్పాలి. మియాపూర్ కేసులో పేరొచ్చినప్పుడు ప్రకాశ్ రాజ్ 2016లో యాడ్ చేసింది నిజమేనన్నారు. తప్పని తెలిశాక 2017లో పొడిగించమంటే ఒప్పుకోలేదన్నారు. ఆయన మాట ప్రకారం కేసు రాకముందే వదిలేశారు. ఎఫ్‌ఐఆర్ పడ్డ రాత్రి “యాప్‌లు వాడకండి ఫ్రెండ్స్” అని వీడియో పెట్టినవాళ్లకూ ఆయనకూ ఫర్ఖ్ ఉంది. ఆ వీడియోలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా తీసుకున్న రఖమ్ ఎంతో చెప్పారా? పోగొట్టుకున్నవాళ్ల కోసం రూపాయి పక్కన పెట్టారా?

సరే, మనమేం చేయాలి? మన చేతిలో ఉన్నవే చెబుతున్నా.

పిల్లల ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని ఆ వీడియో చూడండి. చివర్లో ఒకటే అడగండి: “వాడు ఎవరికి ఏం వాపస్ ఇచ్చాడు?” జవాబు పిల్లలే చెబుతారు. మండీ హోటల్ ఓపెనింగుకో, ఇఫ్తార్ పార్టీకో, స్కూలు యానివర్సరీకో షోహ్రత్ చూసి ఎవరినంటే వాళ్లను పిలిచి శాలువా కప్పకండి. ఫిర్యాదు చేసిన అమ్మాయి గురించి మెసేజ్ వస్తే అక్కడే తుంచేయండి. కోర్టు నిర్దోషి అంటే అదే గ్రూపులో ఆ ఖబర్ కూడా పెట్టండి, వాళ్ల ఇజ్జత్ వాళ్లకు వాపస్ ఇవ్వండి. రెండూ మన మీద ఫర్జే.

ఆ రోజు భోజనాలయ్యాక భాంజాను వరండాలోకి తీసుకెళ్లి నేనూ అదే అడిగాను. “అన్న నీకేం వాపస్ ఇచ్చాడు బేటా?” చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మామూ, గాజులు నేనే విడిపిస్తా. సెలవుల్లో డెలివరీ పని చూసుకున్నా” అన్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. ఇక్కడ రాశాను, ఆపా ఈ బ్లాగు చదవదు కాబట్టి.

ఆ పిల్లవాడి ఇరాదాలో అల్లాహ్ బర్కత్ ఇవ్వాలి. ఆ అన్నకు నిజమైన తౌబా తౌఫీఖ్ ఇవ్వాలి, కెమెరా లేని చోట. ఆమీన్.