మాస్టారి గడ్డి.. మంద పాలు!

రాజాంలో పాలకొండ రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్న రిటైర్డు మాస్టారు ఒకరు ఉన్నారనుకోండి. ఇంటి పక్కనే పది సెంట్ల ఖాళీ జాగా. హైదరాబాద్‌లో ఉన్న కూతురు వచ్చినప్పుడు ముచ్చటపడి అందులో లాన్ వేయించి వెళ్లింది. ఎండాకాలమంతా నీళ్లు పోయలేక అవస్థ. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయో లేదో, దానికి వందింతల అవస్థ! లాన్ గడ్డితోపాటు తుంగ, గరిక, పేరు తెలియని మొక్కలూ మోకాలెత్తు లేచాయి. పాములొస్తాయని మాస్టారి భార్యకు భయం. గడ్డి కోసే మిషను కొందామంటే దాన్ని తోసే ఓపిక లేదు. కూలీని పిలుద్దామంటే ఉబాల రోజులు, ఊళ్లో మనిషి దొరకడు. దొరికినా ఉదయం వస్తానని మూడో రోజు మధ్యాహ్నం వస్తాడు.

సరిగ్గా అదే సమయంలో ఆ ఇంటి గేటు ముందు నుంచే రోజూ పొద్దున ఒక గొర్రెల మంద వెళుతుంది. తారురోడ్డు అంచున మొలిచిన నాలుగు గడ్డి పరకలను కొరుక్కుంటూ, లారీ హారన్లకు బెదురుతూ! గోడకు ఇవతల వద్దన్నా పెరిగే గడ్డి, అవతల గడ్డి కోసం మైళ్లు నడిచే జీవాలు. మధ్యలో ఒక ఇనుప గేటు.

"ఏమయ్యా, వీటిని ఓ పూట లోపలికి తోలకూడదూ?" అని మాస్టారు అడిగితే, కాపరి నుంచి వచ్చే మొదటి జవాబు బహుశా ఇలాగే ఉంటుంది: "తోలొచ్చు గానీ మాస్టారూ, ఒక్క పువ్వు మొక్క పోయినా అమ్మగారు ఊరుకుంటారేటి?"

గొర్రెలతో గడ్డి కోయించడం అమెరికా వాళ్ల వింతగా ఈ మధ్య చెప్పుకొంటున్నారు. 2009లో గూగుల్ కంపెనీ కాలిఫోర్నియాలోని తన ఆఫీసు ఆవరణలో గడ్డి తగ్గించడానికి మిషన్లకు బదులు దాదాపు 200 మేకల్ని అద్దెకు తెచ్చుకుంది. 2013లో షికాగో విమానాశ్రయమూ ఆ దారే పట్టింది. అంతకు చాలా ముందు, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఏకంగా వైట్‌హౌస్ పచ్చికలోకే గొర్రెల్ని తోలించాడు. పని మనుషులు యుద్ధానికి అక్కరకొస్తారని, వాటి ఉన్ని వేలం వేస్తే రెడ్‌క్రాస్‌కు డబ్బొస్తుందని ఆలోచన. వేలంలో 50 వేల డాలర్లకు పైనే వచ్చిందట. (మన కోస్తా గొర్రెలకు ఉన్ని ఉండదు, ఉండేది వెంట్రుకే. మాస్టారు ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు!) న్యూయార్క్ సెంట్రల్ పార్కులోనూ 1934 దాకా గొర్రెలే గడ్డి మేసేవి. అవి తిరిగిన మైదానాన్ని ఇప్పటికీ 'గొర్రెల పచ్చిక' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు.

అసలు లాన్ అనేది పుట్టిందే గొర్రె నోట్లోంచి. ఇంగ్లండులో జమీందార్ల బంగళాల ముందు పచ్చికను కొడవళ్లతోనూ, గొర్రెలతోనూ పొట్టిగా ఉంచేవారు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ ఆలోచన ఆయనకు ఎక్కడ తట్టిందో తెలుసా? బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద లేచే నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి! అంటే ముందు గొర్రె ఉన్ని కోసం పుట్టిన యంత్రమే తర్వాత గొర్రె కొలువుకు ఎసరు పెట్టిందన్నమాట.

మనవాళ్లకు మాత్రం ఇది కొలువు కాదు, కాలంతోపాటు నడిచే ఒప్పందం. ఉత్తరాంధ్రలో వరి కోతలై కుప్పలు కళ్లానికి చేరాక గొర్రెల కాపరులు ఆ మళ్లలో మంద కడతారు. పగలు జీవాలు మోళ్లలో మొలిచిన గడ్డినీ, గట్ల మీది పచ్చికనూ మేస్తాయి. రాత్రి ఒక మడిలో వల కట్టి అన్నిటినీ అందులో పడుకోబెడతారు. తెల్లారేసరికి ఆ మడికి పెంట, మూత్రం రెండూ అందుతాయి. మర్నాడు వల పక్క మడికి జరుగుతుంది. మామూలు గెత్తంలో నత్రజని నూటికి అర శాతం దాకా ఉంటే, గొర్రెల ఎరువులో మూడు శాతం దాకా ఉంటుంది. పైగా బండి కట్టక్కర్లేదు, తట్ట మోయక్కర్లేదు. అందుకే కదా బుగతలు ఒకప్పుడు కుంచాల లెక్కన ధాన్యం కొలిచి, కాపరికి అన్నం పెట్టి మరీ మంద కట్టించుకునేవారు. ఇప్పుడు ధాన్యం పోయి చాలాచోట్ల డబ్బు వచ్చింది. ఒప్పందం మాత్రం అదే.

చిక్కల్లా మిగతా నెలలతోనే. జూలైలో ఉబాలు మొదలయ్యాయంటే నవంబరు దాకా పల్లమంతా పైరే. మందను అటు తోలే వీల్లేదు. గరువుల్లో గోగు, నువ్వు ఉంటే అక్కడా ప్రవేశం లేదు. కోతలయ్యాక కూడా వరి మాగాణిలో మినుము, పెసర చల్లుకున్న రైతు మందను గట్టెక్కనివ్వడు. అతని పంట అతనిది, తప్పు పట్టలేం. ఇక మిగిలేవి చెరువు గట్లు, బంజర్లు, కొండవారలు. వాటిలో కొన్ని ఇప్పుడు ప్లాట్లయ్యాయి, కొన్నిటికి కంచెలు పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. కాపరికి జిల్లా ఏదైనా ఒకటే, మేపే జాగా ఎంత మిగిలిందన్నదే అతని లెక్క. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల గొర్రెలున్నాయి. తెలంగాణలోవీ కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం తెలుగువాళ్ల దగ్గరే ఉన్నట్టు. ఇన్ని జీవాలకు వానాకాలంలో మేత ఎక్కడిదన్నది చిన్న ప్రశ్నేం కాదు.

తమాషా చూడండి. పల్లెలో మందకు దారి మూసుకుపోయే ఆ నాలుగు నెలల్లోనే టౌనులో గడ్డి విరగబడి పెరుగుతుంది. బడి మైదానం, కాలేజీ ఆవరణ, ఆఫీసుల వెనక జాగా, అమ్ముడైనా ఇల్లు లేవని లేఅవుట్లు.. అన్నీ పచ్చగా ఉండేది అప్పుడే. అక్కడ దాన్ని కోయడానికి డబ్బు పెడతారు. లేదంటే గడ్డి మందు కొట్టి ఎండబెడతారు. మంద కట్టడం తెలిసిన ప్రాంతంలో ఇంత తేలికైన లెక్క ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే.

మరి మాస్టారి పది సెంట్లకు ఎన్ని గొర్రెలు కావాలి? ముప్ఫై కిలోల గొర్రె రోజుకు సుమారు నాలుగు కిలోల పచ్చిగడ్డి తింటుంది. పది సెంట్లంటే నాలుగు వందల చదరపు మీటర్లు. మీటరుకు కిలో చొప్పున గడ్డి ఉందనుకుంటే నాలుగు క్వింటాళ్లు. యాభై జీవాలకు రెండు రోజుల మేత! పది గొర్రెల్ని పది రోజులు వదిలేయడం కంటే యాభైని రెండు రోజులు తోలడమే మేలు. తక్కువ జీవాలుంటే రుచైన పరకల్ని ఏరుకుని తిని ముదురు గడ్డిని వదిలేస్తాయి. ఎక్కువుంటే పోటీ పడి సమంగా మేస్తాయి.

గొర్రెనే పిలవాలి, మేకను కాదు. గొర్రెకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది పళ్లతో దానికి అదిమి, చీలిక పెదవితో నేలబారు గడ్డిని కత్తిరించినట్టు కొరుకుతుంది. ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది కాబట్టి అంత పొట్టిగా మేయలేదు. మేక తల ఎప్పుడూ పైకే. ముందుకాళ్లు గోడకు ఆనించి మందారం కొమ్మల్ని అందుకుంటుంది. తుప్పలు పెరిగిన ఖాళీ ప్లాటుకైతే మేకను మించిన పనిమంతురాలు లేదు. లాన్‌లోకి మాత్రం వద్దు.

గేటు తీసే ముందు ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం గన్నేరు. ఎర్రదైనా పచ్చదైనా దాని ఆకులు కొన్ని తిన్నా గొర్రె ప్రాణం పోతుంది. మన కాంపౌండు గోడల పక్కన పెంచేది ఎక్కువగా అదే. కొట్టేసి పడేసిన కొమ్మల్ని అక్కడే వదిలేసినా ముప్పే. గడ్డి మందు కొట్టిన జాగాలోకి తోలకూడదు. పాలిథిన్ కవర్లు, గాజు పెంకులు ఏరేయాలి. కవరు గొర్రె కడుపులో చుట్టుకుందంటే పైకి ఏమీ తెలియదు, జీవం మాత్రం చిక్కిపోతుంది. ఫంక్షన్ హాలు పక్క స్థలాలతో మరో ప్రమాదం. పారబోసిన అన్నాన్ని గొర్రె ఆత్రంగా తినేస్తుంది, కడుపు ఉబ్బి పడిపోతుంది. వీధి కుక్కల సంగతి సరేసరి. వయ్యారిభామ ఉంటే దాన్ని మనిషే పీకాలి, గొర్రె సాధారణంగా ముట్టదు.

కాపరి వైపు నుంచి చూసుకోవాల్సినవీ ఉన్నాయి. తొలకరి లేతగడ్డిని ఒక్కసారిగా మేస్తే చిటుక రోగం ముప్పు. అందుకే వానలకు ముందే దాని టీకా, నట్టల మందు వేయించాలి. తెల్లారగట్ల మంచు తడి ఆరకుండా మేపకపోవడం పెద్దలనాటి జాగ్రత్త. నట్టల పిల్లలు ఆ తడి పరకల కొసలకు ఎక్కి ఉంటాయి మరి.

ఇక అసలు ప్రశ్న. ఎవరు ఎవరికి డబ్బివ్వాలి? మేత ఊరికే ఇస్తున్నాం కదా అని ఇంటివాళ్లు అనొచ్చు. మందను టౌను మధ్యలోంచి నడిపించి, కుక్కల్ని అదిలిస్తూ, పూల మొక్కల దగ్గర కాపలా కాసే మనిషికి ఆ రోజు కూలి ఎక్కడిది? గడ్డి కోసినవాడికి ఇచ్చేదాంట్లో సగమైనా కాపరికి ఇవ్వడం న్యాయం. పెంట ఎలాగూ మాస్టారికే మిగులుతుంది. ఒక జీవం చనిపోతే ఎవరిది బాధ్యత, గులాబీ పోతే ఎవరిది అన్నది ముందే మాట్లాడుకుంటే తర్వాత గేటు దగ్గర కేకలుండవు.

ఇంత చెప్పాక కూడా ఆవిడకు అనుమానం తీరకపోవచ్చు. అలాంటప్పుడు మొదటిరోజు ఓ పది గొర్రెలే చాలు. మల్లె పాదు చుట్టూ పాత దోమతెర కట్టి, గులాబీ కుండీల్ని అరుగు మీదికి ఎత్తి, కాపరికి ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి గేటు తీయొచ్చు.