సిగ్గు మీది కాదు, తప్పు మాది



"కడుపు నొప్పి" అని ఓపీ చీటీ రాయించుకునే అక్కచెల్లెళ్లలో కొందరికి కడుపు నొప్పి ఉండదు. లోపలికి వచ్చి, తలుపు వేశాకే అసలు మాట చెబుతారు: "గజ్జల్లో చిన్న కండ పెరిగిందమ్మా." ఆ ఒక్క మాటకు కొందరికి రెండు మూడేళ్లు పడుతుంది. మగవారు కూడా ఇంతే.

అంగళ్లు వైపు టమోటా తోటల్లో కూలికి పోయే ఒకామె తొడసందులోని పులిపిరికి తలవెంట్రుక బిగించి కట్టుకుంది. అది రాలలేదు. సున్నం, సోడా కలిపి పెట్టింది. చర్మం కాలి, చీము పట్టి, నడవలేక మా దగ్గరకు వచ్చింది. పుండు మానడానికి వారాలు పట్టింది. పులిపిరి తీయడానికి పది నిమిషాలు చాలింది.

"ముందే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాము. "వచ్చినాను సిస్టర్. చీటీ దగ్గర అందరి ముందర ఏం జబ్బని గట్టిగా అడిగితే తిరిగి పోయినాను" అంది. మేము తల దించుకున్నాము. సిగ్గు పేరు చెప్పి రోగులనే తప్పుపట్టడం మాకు సులువు. ఆ సిగ్గును పెంచేది మా గొంతే అని ఒప్పుకోవాలి. చీటీ దగ్గర "డాక్టరుతోనే చెబుతాను" అంటే చాలు అనే పద్ధతి ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలని మా అభిప్రాయం.

1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఐడా స్కడర్ గారి ఇంటికి వచ్చారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రిని, మగవాడని, ఎవరూ రానివ్వలేదు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె డాక్టరు చదువు చదివి వచ్చి, 1918లో వేలూరులో స్త్రీల వైద్య పాఠశాల తెరిచారు. నేడు లేడీ డాక్టరు కావాలని మీరు అడగవచ్చు. లేనిచోట పరీక్ష జరిగేంతసేపూ ఒక నర్సు పక్కన ఉండాలని అడగండి.

ఇలాంటి పెరుగుదలల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. మెత్తగా వేలాడే కండ అంటుకోదు. లావుగా ఉన్నవారిలో, షుగరు ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది కనుక షుగరు పరీక్ష కూడా చేయించుకోవాలి. గరుకుగా, గుంపుగా వచ్చే పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, కలయికతో అంటుతాయి. అంటిన తరువాత నెలలకో, ఏళ్లకో బయటపడవచ్చు. కనుక భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించక, ఇద్దరూ పరీక్షకు రావాలి. ఏది ఏదో చూసి చెప్పవలసింది డాక్టరు. చిన్నదైతే మత్తు సూది వేసి కత్తిరిస్తారు, లేదా కరెంటుతో కాల్చి తీస్తారు. అనుమానముంటే ముక్కను పరీక్షకు పంపుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

త్వరగా పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా, పుండు మానకపోయినా ఆ వారమే రండి.

దారం కట్టకండి, సున్నం పెట్టకండి. వచ్చి చెప్పండి. మెల్లగా అడగడం మేము నేర్చుకుంటాము.