నెపం ఇంటి మీద వేయొద్దు

ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి పాఠం చదవలేకపోతే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘అమ్మానాన్నలు కూలికి పోతారు, ఇంట్లో చదివించే దిక్కు లేదు.’ ఈ మాట బడిని బాధ్యత నుంచి తప్పిస్తోంది. ఇంట్లో నేర్పేవాళ్లున్న పిల్లలకే అక్కరకొచ్చే బడి ఎవరి కోసం?

పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతం, భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం.

పేదపిల్లలకు లెక్క అందదనేవాళ్లు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులు అమ్మే పిల్లల సంగతి తెలుసుకోవాలి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం వాళ్ల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’లో వచ్చింది. బేరం మధ్యలో నోటితోనే ధర కట్టి సరిగ్గా చిల్లర ఇచ్చిన పిల్లలు, బడి పద్ధతిలో అడిగిన లెక్కలకు తడబడ్డారు. తమకొచ్చిన లెక్కనుంచి పుస్తకంలోని లెక్కకు వాళ్లను ఎవరూ నడిపించలేదు.

అలా నడిపించే తీరిక టీచరుకు ఉందా? 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ సిలబస్ మొత్తం గడువులోగా పూర్తి చేయమంటుంది. ప్రతి పిల్లవాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా నేర్పమనీ అదే సెక్షన్ చెబుతుంది. తనిఖీల్లో మాత్రం మొదటిదాని గురించే ఆరా. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాని పిల్ల ముందు భాగహారం, ఒత్తులు పట్టుబడని పిల్లవాడి ముందు పేజీలకు పేజీల పాఠం! ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడుల్లో పరిస్థితి ఇంకా ఘోరం.

దీనికి దారి లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లో ‘ప్రథమ్’ స్వచ్ఛంద సంస్థ 2013-14లో ప్రభుత్వ బడుల్లోనే శిబిరాలు నడిపింది. తరగతిని పక్కనపెట్టి, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేసి నేర్పారు. శిబిరాలు లేని బడులతో పోలిస్తే పేరా చదవగలిగిన పిల్లల వాటా దాదాపు రెట్టింపైంది. ఆ కొద్ది నెలల్లో వాళ్ల తల్లిదండ్రులు అక్షరాస్యులైపోలేదు, కూలీ మానలేదు. మారింది బడిలో నేర్పే తీరు.

పేదరికం చదువును దెబ్బతీయదని నేననడం లేదు. పత్తి తీతలప్పుడు బడి మానేవాళ్లు, పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకే బడి ఎక్కువ సమయమివ్వాలి. ప్రాథమిక తరగతుల్లో రోజుకో గంట చదవడానికి, ఇంకో గంట లెక్కలకు కేటాయించి, పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెట్టాలి. ఆ రెండు గంటలూ సిలబస్ ఒత్తిడి టీచరు మీద పెట్టకూడదు. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్నో పాఠం నడుస్తోందని కాక, ఏ పిల్లకి ఏమి వచ్చిందని అడగాలి.